గ్రహయాత్రికుడి నడక

కొత్త హీరో పేరు మైకులో చెప్పగానే చిలమత్తూరు నుంచి వచ్చిన కుర్రాళ్లంతా ఈలలు వేశారు. ఆంజినమ్మ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

"చప్పట్లు కొట్టవే, అందరూ చూస్తాండారు," అన్నాడు పక్కనున్న మొగుడు చెన్నప్ప.

"నువ్వు కొట్టుకోపో."

ఊరి వెనక ఎర్రబండల ముందు వేదిక కట్టారు. ఆ మొగుడూపెళ్లాల వయసు రోజుల్లో 'గ్రహయాత్రికుడు' సీరియల్ తీసింది ఈ బండల మీదే. పచ్చని మొక్క కనబడని చోటు కావాలని వెతుక్కుంటూ వచ్చి, ఈ నేలనే వేరే గ్రహమని టీవీలో చూపించారు. ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు టీవీ ముందు ఊరంతా కూర్చునేది. "అది మన సుంకప్ప చేను రా!" అని పిల్లలు అరిచేవాళ్లు. ఇప్పుడు అదే సీరియల్‌ను మళ్లీ తీస్తున్నారు.

ఆంజినమ్మకు ఆ పాత సీరియల్ అంటే ప్రాణం. కూతురు ఫోన్‌లో పెట్టిచ్చాక పిచ్చి ఇంకా ముదిరింది. నల్లద్దం హెల్మెట్ పెట్టుకుని యాత్రికుడు బండల మీద నడుస్తుంటే రెప్ప వేయదు. హెల్మెట్ తీసి మాటలు మొదలుపెట్టాడంటే మాత్రం పొయ్యి మీది చారు చూడ్డానికి లేచిపోతుంది. ఆమె ఆ మనిషిని పొగిడినప్పుడల్లా చెన్నప్ప పని ఆపి పక్కకొచ్చి కూర్చునేవాడు. ఒక మాట అనబోయేవాడు. ఎప్పుడో ఎవరికో ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగిపోయేవాడు.

కొత్త హీరో తేజ వేదిక దిగి నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. వెనకాలే దర్శకురాలు ప్రసూన.

"అవ్వా, నేను నచ్చలేదా?"

"బాగుండావు నాయనా. కానీ ఆయప్ప మాదిరి నడవలేవు."

"ఎలా నడిచేవాడు?"

"కాలిన బండ మీద వట్టి కాళ్లతో తిరిగినోడు ఎట్ల నడుస్తాడో, అట్ల. బండను అడిగి అడుగేసినట్టుంటాది."

తేజ బూట్లు విప్పి బండ మీద కాలు పెట్టాడు. పెట్టీ పెట్టగానే ఎగిరి గంతేశాడు. జనం గొల్లుమన్నారు. ఆంజినమ్మకూ నవ్వొచ్చింది.

"దినామూ నడువు. అదే వస్తాది," అంది.

"మీరు ఆ షూటింగ్ చూశారా తాతా?" అని ప్రసూన చెన్నప్పను అడిగింది.

"ఆడనే ఉంటి. కూలికి పోయినా," అంటూ అతను తువ్వాలు దులుపుకున్నాడు.

"ఆ పాత హీరోగారు పోయినేడాది కాలం చేశారవ్వా," అంది ప్రసూన మెల్లగా.

చెన్నప్ప ఉలిక్కిపడి భార్యను చూశాడు. ఏడుస్తుందనుకున్నాడు.

"అట్లనా, పాపం," అని ఆంజినమ్మ కొంగు సర్దుకుంది. "పదయ్యా, ఎండ ముదురుతాండాది."

చెనిక్కాయ చేని గట్టు వెంబడి ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ముందు ఆమె, వెనక అతను. చెన్నప్పకు ఏమీ పాలుపోవడం లేదు. నోరు విప్పొద్దని భుజం మీద చెయ్యేసి అడిగిన మనిషే లేకుండా పోయాడు.

"ఆయప్ప పోయినాడంటే నీకు కండ్లల్లో తడి గూడా రాలేదే?"

"ఆయప్ప నాకేమైతాడు?"

"ఇన్నేండ్లూ ఆయప్పనే చూసుకుంటా కూసుంటివి. నన్నెప్పుడన్నా అట్ల చూసినావా?"

ఆమె ఆగి వెనక్కి తిరిగింది. ఎండకు కళ్లు చిట్లించి అతని ముఖంలోకి చూసింది.

చెన్నప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆంజినమ్మా, నీకొకటి చెప్పల్ల. పెండ్లికి ముందు నుంచీ దాచిపెట్టినా..."

"నువ్వేమీ చెప్పొద్దు," అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఆ హెల్మెట్‌లో నడిచింది నువ్వే గదయ్యా!"