వజ్రపు గునపం

“మన గేమ్ ఆడి చూసిన ప్రతివాళ్ళూ వజ్రపు గునపం చేసుకున్నారు. ఒక్కడంటే ఒక్కడు దాంతో ఒక్క దెబ్బ వెయ్యలేదు! ఎందుకమ్మా ఇక ఆ గునపం?” మేనేజరు బల్ల మీద గట్టిగా చరిచాడు. టీ కప్పు ఎగిరిపడింది.

ఆ ఆఫీసులో తయారవుతున్న కంప్యూటర్ గేమ్‌లో పనిముట్ల బాధ్యత ఎదురుగా నిలబడ్డ అమ్మాయిది. చెక్క గునపంతో రాయి తవ్వాలి, రాతి గునపంతో ఇనుము, ఇనుప గునపంతో వజ్రం. ఆ వజ్రంతో గునపం చేసుకుని చివరి కొండ పగలగొడితే ఆట పూర్తయినట్టు. ఏ గునపం ఎన్ని దెబ్బలకు అరగాలో లెక్కలు కట్టీ కట్టీ ఆవిడ సగమైపోయింది.

“ఆటంటే తెలియని మనిషిని తీసుకొచ్చి కూర్చోబెట్టు. సాయంత్రంలోగా ఆ మనిషి కొండ పగలగొట్టాలి. లేదూ, ఆ గునపమూ ఉండదు, నువ్వూ ఉండవు,” అని మేనేజరు విసవిసా వెళ్ళిపోయాడు.

ఆటంటే తెలియని మనిషి ఎక్కడ దొరుకుతుంది ఆ ఆఫీసులో? పాపం, ఇంటికి ఫోన్ చేసి అత్తగారిని పిలిపించుకుంది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని మౌస్ పట్టుకున్నారో లేదో, చెక్కా రాయీ దాటేసి ఇనుములోకి దిగిపోయారు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. చివరికి తెర మీద వజ్రపు గునపం తళతళలాడింది.

“అబ్బ! ఎంత ముద్దుగా ఉందే!” అన్నారు అత్తగారు. అని, దాన్ని ఆటలోని పెట్టెలో పెట్టి మూత వేసేశారు.

కోడలు తెర మీదికి వంగింది. “అదేంటత్తయ్యా, లోపల పెట్టేశారు?”

“కొత్తది కదే! తీసుకెళ్ళి మట్టిలో పెడతామా?”

“గునపమండీ అది! మట్టిలో పెట్టడానికే!”

“అరిగిపోదూ?”

సరే, అరుగుతుందనే కదా బాధ అనుకుని, కోడలు పక్క కంప్యూటర్‌లో అంకెలు మార్చేసింది. “ఇక అది జన్మలో అరగదు. తీసి ఒక్క దెబ్బ వెయ్యండి.”

“ఎవరైనా ఎత్తుకుపోతే?”

“ఈ ఆటలో మీరు తప్ప ఇంకెవరూ లేరత్తయ్యా!”

“అదే కదా భయం. అరిచినా పలికే దిక్కు లేదు.”

కోడలు తల పట్టుకుంది. కాసేపటికి ఇంకో ఉపాయం తట్టింది. వజ్రందాని మీదికి మనసు పోవాలంటే ఇనుపదాన్ని పనికిరాకుండా చేస్తే సరి. మళ్ళీ అంకెలు మార్చింది. అత్తగారు ఇనుప గునపంతో నేల మీద ఇలా కొట్టారో లేదో అది రెండు ముక్కలైంది. ఇంకొకటి చేసుకున్నారు. అదీ అంతే.

“చూశావుటే?” అన్నారు అత్తగారు విజయగర్వంతో. “ఇనుముకే దిక్కు లేదు. ఈ రోజుల్లో ఏ వస్తువు నిలుస్తోంది కనక! మంచిదాన్ని ముందే దాచి ఎంత మంచి పని చేశాం!”

గోడ గడియారం చూసేసరికి కోడలికి ఏడుపొచ్చేసింది. “మీ కాళ్ళు పట్టుకుంటా అత్తయ్యా. ఆ కొండ పగలకపోతే నా ఉద్యోగం పోతుంది!”

అత్తగారు ఆవిడ తల నిమిరారు. “ఊరుకో తల్లీ. ఉద్యోగం ఇవాళ కాకపోతే రేపు ఇంకొకటొస్తుంది. ఇలాంటిది మళ్ళీ దొరుకుతుందా చెప్పు?”

అప్పుడే మేనేజరు రానే వచ్చాడు. కొండ చెక్కుచెదరలేదు. కోడలు కళ్ళు తుడుచుకుంటోంది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

“ఏంటండీ ఇది? వస్తువున్నది వాడుకోడానికా, దాచుకోడానికా? ఇలా తప్పుకోండి, నేను చూపిస్తాను!” అంటూ పెట్టె మీదికి మౌస్ పోనిచ్చాడు.

అత్తగారు ఠక్కున ఆయన చేతి మీద ఒక్కటిచ్చారు. “నాది ముట్టుకోకండి బాబూ! కావాలంటే మీది మీరు చేసుకోండి.”

మేనేజరుకి రోషం పొడుచుకొచ్చింది. పక్క కంప్యూటర్ ముందు కూర్చుని చొక్కా చేతులు పైకి మడిచాడు. చెట్టు కొట్టాడు, రాయి తవ్వాడు. ఇనుప గునపాలు చేసుకున్నవి చేసుకున్నట్టే ముక్కలవుతుంటే, పళ్ళు నూరుకుంటూ మళ్ళీ మళ్ళీ చేసుకున్నాడు. ఇంటికెళ్ళాల్సిన వాళ్ళంతా సంచులు భుజాన వేసుకుని ఆయన వెనకాల గుమిగూడారు. చెమటలు కక్కుతూ, ఆఖరికి ఆయన కూడా వజ్రం సంపాదించాడు. గునపం చేశాడు. తెరంతా తళతళ.

“ఇప్పుడు చూడండి!” అంటూ కొండ దగ్గరికి నడిచి గునపం పైకెత్తాడు.

గడువెలాగూ దాటిపోయింది, ఇక తన పని అయిపోయిందనుకుని కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడే చప్పుడు కోసం చూసింది. పడలేదు. ఎంతసేపటికీ పడలేదు. మెల్లగా కళ్ళు తెరిచింది.

మేనేజరు ఎత్తిన గునపం దించేశాడు. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, కుర్చీ కోడలి దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

“నువ్వెక్కడికీ పోకమ్మా. ముందు నాకో పెట్టె చేసిపెట్టు... మీ అత్తగారు తెరవలేనిది.”