మెడలో బెల్టు

భర్త మెడలో బెల్టు వేసి, అది బొడ్డు దాకా వస్తుందో లేదో చూసింది ఆవిడ.

"అది నా ఆఫీసు బెల్టే," అన్నాడతను.

"కెమెరా పట్టీ తెగిందని పొద్దుట్నుంచి ఏడుస్తున్నది మీరేగా. కొత్తది కొనాలంటే కెమెరానే అమ్మాలి. కదలకండి, కత్తెరకి చెవి తెగుతుంది."

ఉద్యోగం మానేసి ఫొటోలు తీయడం మొదలుపెట్టాక అతనికి బొజ్జ తగ్గింది గానీ బేరాలు పెరగలేదు. నిన్న ఎవరిదో పుట్టినరోజు పార్టీలో పట్టీ తెగి, కెమెరా వెళ్ళి కేకులో పడింది. లెన్సుకంటిన క్రీము తుడుస్తూనే అతను పాత బాసుకి ఫోన్ చేశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

కత్తెర కరకరమంది. బకిల్ ఊడి నేల మీద పడింది.

"అయ్యో, రేపు కావాలే అది," అనేశాడు.

"తెలుసు. ఆఫీసు చొక్కా పరుపు కింద పెట్టి మడతలు తీస్తున్నారుగా. ఆ పరుపు మీద పడుకునేది నేనే. అందుకే బెల్టు కోశాను."

"ఎన్నాళ్ళని నీ జీతం మీద బతకనే?"

"నా జీతం మూలగలేదు, మధ్యలో మీ మూలుగేంటి? ఆ ఆఫీసు నుంచొచ్చి గోడవైపు తిరిగి పడుకునే మనిషితో మళ్ళీ నేను కాపురం చెయ్యలేను. వెళ్తానంటారా, ప్యాంటు చేత్తో పట్టుకుని వెళ్ళండి."

తన పిచ్చిని ఆవిడ పళ్ళబిగువున భరిస్తోందనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆవిడ అప్పటికే బెల్టు కొసని కెమెరాకి తగిలించి కుడుతోంది.

"గుడ్లప్పగించి చూస్తారేం? ఆ కొస పట్టుకోండి, దబ్బనం దిగట్లేదు."

అతను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.