దొరగారి పట్టు

"నాన్నా, దొరగారికి ఒంట్లో బాగాలేదు."

అద్దాలాయన చేతిలోని కొలబద్ద కింద పెట్టలేదు. బల్ల మీద బట్టలకొట్టు వాళ్ల అద్దం పరిచి ఉంది. మధ్యాహ్నానికల్లా బిగించి రావాలి.

"నిన్నంతా బాగానే ఉందిగా! ఇంతలోకే ఏమైంది?"

"పట్టు సడలింది. మొన్నటిదాకా వేలెక్కితే దిగమని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇవాళ ఊరికే ఆనుకుని ఉందంతే."

దొర అంటే నాలుగు నెలల ఊసరవెల్లి పిల్ల. ఆ మధ్య ఒక ఇంట్లో కిటికీలు బిగిస్తుంటే, ఊసరవెల్లుల్ని ముచ్చటపడి పెంచుకునే ఆ ఇంటాయన ఒక పిల్లను అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. అడుగు తీసి అడుగు వేయడానికి అది పడే తటపటాయింపు చూసి, "ఏదో దొరగారు షికారు బయల్దేరినట్టుందిరా" అంది అద్దాలాయన అక్క. ఆ పేరే ఖాయమైపోయింది.

దొరకు ఇల్లు కట్టే పని వస్తే అద్దాలాయన ఊరుకుంటాడా! నాలుగు వైపులా తేటైన అద్దం కోసి బిగించాడు. అమ్మాయి రోజూ చేయి పెట్టే చోటు కదా అని పై అంచుల్ని రెండు రోజులు కూర్చుని నున్నగా అరగదీశాడు. తూర్పు కిటికీ దగ్గర పెట్టి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ అక్కడికి లాక్కెళ్లేవాడు. "మధ్యలో అద్దం ఉందో లేదో చెప్పండి చూద్దాం!"

ఇప్పుడు అక్కడికే వెళ్లి తొంగి చూశాడు.

"నిక్షేపంలా ఉందే! రంగు కాస్త ముదిరిందంతే. ఎండ కూడా బంగారంలా పడుతోంది. అంతా నీ చాదస్తం."

"రంగు సంగతి నాకు చెప్పకు నాన్నా. వెనక కాలు వణుకుతోంది. కింది దవడ తడిసిన అట్టముక్కలా మెత్తగా ఉంది. నిన్నట్నుంచి నాలుక చాచి కొట్టిన చప్పుడే లేదు. వేసిన ఐదు పురుగులూ గిన్నెలోనే గోకుతున్నాయి."

"ఇవన్నీ నీకెవరు చెప్పారే?"

"నా వేలు చెప్పింది."

"సరే, ఈ అద్దం బిగించొచ్చాక సాయంత్రం తీసుకెళదాం."

"సాయంత్రానికి అది కొమ్మ మీంచి పడుతుంది. పడితే కాలు విరుగుతుంది. అప్పుడేం చేస్తావు?"

వంటింట్లోంచి అక్క కేకేసింది. "అది మంకుపట్టు పట్టిందంటే నీ తరం కాదు గానీ, బయల్దేరరా తమ్ముడూ!"

అద్దాలాయన బట్టలకొట్టుకు ఫోన్ చేసి రేపు వస్తానన్నాడు.

పశువుల డాక్టరు దొరను అరచేతిలోకి తీసుకుని నిదానంగా చూశాడు.

"కళ్లు గుంటలు పడలేదు. నీళ్లకు లోటు చేయలేదన్నమాట."

"రోజుకు మూడుసార్లు ఆకుల మీద చిలకరిస్తానండీ" అంది అమ్మాయి. "చుక్కలైతేనే తాగుతుంది. గిన్నెలో నీళ్లు ముట్టదు."

డాక్టరు తలూపి దవడ నొక్కాడు. కాళ్లు నిమిరాడు. "ఎముకలు మెత్తబడుతున్నాయి. దీనికి ఎండ తగలనివ్వరా మీరు?"

అద్దాలాయనకు చుర్రుమంది. "తగలకపోవడమేంటండీ! తూర్పు కిటికీ దగ్గరే ఉంటుంది. పెట్టె నేను స్వయంగా చేశాను. అంత తేటైన అద్దం..."

"అద్దమా? అదీ సంగతి! వెలుగూ వేడీ అద్దం దాటి లోపలికొస్తాయి. ఎముకను గట్టిపరిచే కిరణం మాత్రం బయటే ఆగిపోతుంది. పైగా ఎటు తిరిగినా దాని నీడే దానికి కనిపిస్తుంటే, ఎవడో పగవాడు మీదికొస్తున్నాడని రోజంతా హడలి చస్తుంది. రంగు ముదిరింది అందుకే."

ముప్ఫై ఏళ్లుగా అద్దాన్ని నమ్ముకున్న మనిషి. తన అద్దానికి వంక పెడితే ఎంతటివాణ్నయినా కడిగేసేవాడు. ఇప్పుడు డాక్టరు అరచేతిలోని దొరకేసి చూశాడు.

"బతుకుతుందా?" అంది అమ్మాయి.

"బతుకుతుందమ్మా. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే ఆ మాట చెప్పలేకపోయేవాణ్ని. అందరూ రంగు చూస్తూ కూర్చుని, కాళ్లు వంకర్లు పోయాక పట్టుకొస్తారు. పట్టు సడలడం దగ్గరే కనిపెట్టి తెచ్చినవాళ్లు ఇన్నేళ్లలో నాకు తగల్లేదు. ఎవరు కనిపెట్టారు?"

"మా అమ్మాయండీ!"

అద్దాలాయన తన అద్దం గురించి కూడా ఎన్నడూ అంత గట్టిగా చెప్పుకోలేదు. బయట బెంచీ మీద కుక్కపిల్లతో కూర్చున్నావిడ ఉలిక్కిపడి ఇటు తిరిగింది.

డాక్టరు కాల్షియం చుక్కలు రాసిచ్చాడు. పురుగులకు పొడి అద్ది వేయమన్నాడు. ఆ కిరణాలిచ్చే దీపం ఎక్కడ దొరుకుతుందో చెప్పాడు. పడినా దెబ్బ తగలకుండా కొమ్మలు కిందికి దించమన్నాడు. అద్దాలు తీసేయమన్నాడు.

ఇంటికి రాగానే అద్దాలాయన నాలుగు పలకలూ ఊడదీసి, వాటి చోట సన్నటి వల బిగించాడు. "అద్దాలాయన ఇంట్లో దోమతెర వెలిసిందహో!" అని అక్క ఆటపట్టిస్తే, "వెలవనీ" అన్నాడు.

రోజూ పొద్దున్నే అమ్మాయి దొర నోట్లో చుక్కలు వేసి, దవడ కింద వేలు ఆనించి చెప్పేది. ఆయన కేలెండరు మీద రాసేవాడు. "మెత్తగానే ఉంది." "కాలు వణుకు తగ్గింది." "ఇవాళ వేలు కాస్త నొక్కింది."

మూడో వారంలో ఒక ఉదయం గిన్నెలో టప్పుమని చప్పుడైంది. పురుగు మాయం. అద్దాలాయన వంగి చూసి గట్టిగా పిలిచాడు.

"అమ్మడూ, ఇలా రా! ముదురు రంగంతా పోయింది. దొరగారు లేత ఆకుపచ్చలోకి వచ్చేశారు!"

"నాకు పొద్దున్నే తెలుసు. వేలు వదల్లేదు."

ఆమె లోపలికి చేయి చాచింది. దొర రెండు గుప్పిళ్లతో వేలిని ఒడిసిపట్టి, ఎంత జరిపినా ఊడి రాలేదు.

"నీ ముందు ఆ డాక్టరు కూడా దిగదుడుపే!" అన్నాడాయన.

ఆమె నవ్వింది. దొరను మెల్లగా చెంపకు దగ్గరగా తెచ్చుకుంది. అలాగే ఆనించుకుని అడిగింది.

"నాన్నా, ఆకుపచ్చ అంటే ఎలా ఉంటుంది?"