గోడ దగ్గర మనిషి

"అమ్మా, మన ఇంటి ముందు ఎవరున్నారు?"

ఆఫీసు నుంచి కిరణ్మయి ఫోను.

"ఎవరూ లేరే! నేనింకా పార్కులోనే ఉన్నాను" అంది నాగేశ్వరి.

"మరి మెట్ల దగ్గర లైటు వెలిగింది. రోజూ నువ్వు ఇంటికి చేరకముందే ఎవరో కదులుతున్నారని నా ఫోనుకి కబురొస్తోంది. మొన్న బిగించిన లైటు అప్పుడే పాడైందా, ఎవరైనా మన ఇంటి మీద కన్నేశారా?"



ఆ లైటు నాగేశ్వరి కోసం పెట్టించిందే. తెల్లాపూర్‌లో కూతురి విల్లాకి వచ్చిన కొత్తలో, మసక చీకట్లో మెట్టు కనబడక గుమ్మం ముందే బోర్లా పడింది. ఎవరో వచ్చి లేవదీసి, లోపల కూర్చోబెట్టి వెళ్లారు. ఆ కంగారులో ఆ ముఖమైనా చూడలేదు.

"ఇక సాయంత్రాలు బయటికి వెళ్లొద్దు" అని తేల్చేసింది కూతురు.

ఎరిగిన ముఖాలన్నీ వదులుకుని వచ్చిన మనిషికి, పార్కులో నలుగురు ఆడవాళ్లతో చెప్పుకునే ఆ కాసిని కబుర్లే ఊపిరి. బతిమాలింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి అల్లుడే, మనిషి అలికిడికి దానంతటదే వెలిగే స్మార్ట్ లైటు పెట్టించాడు.

"మళ్లీ పడ్డావంటే మాత్రం గడప దాటేది లేదు." కూతురు పెట్టిన షరతు అది.

మళ్లీ పడలేదు. ఆమె మలుపు తిరిగేసరికి మెట్ల మీద వెలుతురు పరుచుకుని ఉండేది.

"మా లైటుకి నేనంటే ఎంత ప్రేమో! వీధి చివరి నుంచే నన్ను గుర్తుపడుతుంది" అని పార్కులో గొప్పలు పోయేది.

కూతురి ఫోనుతో ఆ సంబరం కాస్తా బెంగగా మారింది.

మర్నాడు కబుర్లు సగంలో వదిలి ముందుగా బయలుదేరింది. మలుపు దగ్గర నక్కి చూసింది.

ఎదురింటి ప్రహరీ గోడ దగ్గర ఒక ఆడమనిషి. కాలనీలో మొక్కలకి నీళ్లు పట్టే మనిషే. వీళ్ల ఇంటి వైపు తిరిగి చెయ్యి ఊపుతోంది. కాసేపాగి మళ్లీ ఊపుతోంది.

లోపల ఎవడో దూరాడు! వాడికే ఈ సైగలు!

"ఏయ్, ఎవరికే ఆ సైగలు?"

ఆమె ఉలిక్కిపడి చెయ్యి దించింది.

"ఎవలకూ కాదమ్మా. ఊకనే..."

"ఊరికే చెయ్యి ఊపడానికి నీకేమైనా పిచ్చా?"

"లైటు కోసమమ్మా. జర వెలుగు ఉంటదని..."

"ఏం, మీ ఇంట్లో లైటు లేదా? మా గుమ్మం ముందే దొరికిందా నీకు వెలుగు?"

పక్కిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఆమె అటూ ఇటూ చూసి, ముఖం చిన్నబుచ్చుకుని తల దించుకుంది.

"తప్పయింది పెద్దమ్మా" అని వెళ్లిపోయింది.

నాగేశ్వరి అంతటితో ఊరుకోలేదు. కాలనీ సూపర్వైజర్ రవీందర్ దగ్గరికి వెళ్లింది.

"సాయమ్మనా? ఆమె మంచిదేనమ్మా" అన్నాడతను.

"మంచివాళ్లు ఇళ్ల ముందు నిలబడి సైగలు చేస్తారా బాబూ? ఆ మనిషి మళ్లీ నా కంటికి కనబడకూడదు."

కనబడలేదు కూడా.

మర్నాడు సాయంత్రం కిరణ్మయి ఫోను చేసింది. "అమ్మా, ఇవాళ లైటు ఒక్కసారీ వెలగలేదు. పీడ విరగడైంది!"

అప్పటికి నాగేశ్వరి ఇంటి ముందు చీకట్లో నిలబడి ఉంది. లైటు వెలగలేదు. కాలితో తడుముకుంటూ మెట్టు ఎక్కబోయి జారింది. మోకాలు చెక్కుకుపోయింది.

కూతురితో పడ్డానని చెప్పలేదు. చెబితే పార్కుకి నీళ్లు వదులుకోవాల్సిందే. "లైటు పనిచేయడం లేదే, బాగుచేసే మనిషిని పిలిపించు" అని మాత్రం అంది.

మర్నాడు దీపాలవేళకి నరేందర్ అనే టెక్నీషియన్ వచ్చాడు. పార్కు వైపు నుంచి ఆమెను నడిచి రమ్మన్నాడు. వెలగలేదు. మళ్లీ రమ్మన్నాడు. ఊహూఁ.

"పెట్టుడే తప్పు పెట్టిన్రమ్మా. దీని చూపంతా ఎదురుగోడ మీదనే ఉంది. మీరొచ్చే దారి దీనికి కనవడదు."

"అదేంటి నాయనా! రోజూ నేను వచ్చేసరికి వెలిగే ఉండేది."

"మిమ్మల్ని చూసి అయితే వెలగలే."

నరేందర్ ఎదురుగోడ దగ్గరికి వెళ్లి చెయ్యి ఊపాడు. మెట్ల మీద వెలుతురు పరుచుకుంది.

"చూసిన్రా? గీడ నిలవడాలె. ఆరిపోకుంట నడుమనడుమ చెయ్యి ఊపుతనే ఉండాలె. గంత పనిలేనోళ్లు ఎవలుంటరమ్మా?" అని నవ్వాడు.

నాగేశ్వరి నవ్వలేకపోయింది. కుంటుకుంటూనే రవీందర్ గదికి వెళ్లింది.

"బాబూ, సాయమ్మని ఒకసారి పిలిపించవా?"

"ఇంకేడి సాయమ్మ? మీరంటిరి గదా, పనిలకెళ్లి తీసేసినం."

"ఇల్లెక్కడో చెప్పు. నేనే వెళతాను."

"ఇల్లేడిదమ్మా వాళ్లకు? బిల్డింగులు కట్టేకాడ గుడిసె. ఏడ పని దొరికితే ఆడికి వోతరు. ఫోన్ గిట్ల గూడ లేదు."

ఆమెకి తల ఎత్తబుద్ధి కాలేదు. అడగడానికి నోరు రాకపోయినా, అడగకుండా ఉండలేకపోయింది.

"నన్ను బాగా తిట్టుకుందా?"

"తిట్టుడేంది?" రవీందర్ తల గోక్కున్నాడు. "పోతపోత మీ ముచ్చటనే చెప్పింది, నాకే సమజ్ కాలే. 'గా పెద్దమ్మకు మెట్టు కానరాదు సారూ, ఆమె ఇంట్లకు వొయ్యేదాంక ఎవలన్న జర గోడకాడ నిలవడున్రి' అన్నది."