ఎదుటి స్టాలు

ఇలా దగ్గరికి జరగండి. గొంతు తగ్గించి చెప్పాల్సిన సంగతి ఇది.

ఎగ్జిబిషన్ స్టాళ్లకి తెరలూ, బల్లల చుట్టూ కుచ్చిళ్ల గుడ్డలూ కుట్టడం అప్పట్లో నా పని. బేకరీలకి పిండి కలిపే మిషన్లు తయారుచేసే మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు నేనే కుట్టాను. సొంత తమ్ముడేం కాదు. వీధి చివర వాళ్ల షెడ్డు, మధ్యలో మా ఇల్లు. ఒకరోజు అక్కా అని పిలిచాడు, అంతే, తమ్ముడైపోయాడు.

ఆ ఏడు వాళ్లింట్లో పెద్ద రగడ. షెడ్డు రేకులు చిల్లులు పడ్డాయి. వానొస్తే లేత్ మిషన్ మీద టార్పాలిన్ కప్పి, పని ఆపుకుని కూర్చోవాలి.

"ఈసారి ఎగ్జిబిషన్ మానెయ్యండి. ఆ డబ్బుతో రేకులు మార్పిద్దాం," అంది మరదలు. ఆఫీసు గదిలో ఫోనూ ఆర్డర్లూ చూసేది తనే. "మూడేళ్లుగా అక్కణ్నుంచి ఒక్క ఆర్డరొచ్చిందా? సంచి ఇస్తారా, పెన్ను ఇస్తారా అని వచ్చేవాళ్లే అందరూ. నిజంగా కొనేవాళ్లు ఫోన్లో వీడియో చూసి కొంటున్నారు."

"వీడియోలో పిండి మెత్తదనం తెలుస్తుందా? చెయ్యి పెట్టి చూడాలి."

"పెట్టి చూస్తున్నారుగా. చూసి, మన గుడ్డకే తుడుచుకుని పోతున్నారు."

నాకు నవ్వొచ్చింది. తమ్ముడికి రాలేదు.

"మనం కనిపించకపోతే కంపెనీ మూసేశామనుకుంటారే."

"రేకులు కూలితే నిజంగానే మూస్తాం."

చివరికి తమ్ముడే తగ్గాడు. వెళ్లనని మాటిచ్చేశాడు. ఆ మర్నాటి నుంచి షెడ్డుకి వెళ్లేవాడు, వచ్చేవాడు, పెట్టింది తినేవాడు. వీధిలో నేను కనిపించినా ఆగి మాట్లాడేవాడు కాదు.

రెండు వారాలు గడిచాక టేపు మెడలో వేసుకుని షెడ్డుకి వెళ్లాను.

"ఈసారి కొలతలు అక్కర్లేదక్కా," అన్నాడు నట్టు బిగిస్తూ.

"తెలుసులే. మీ ఎదుటి స్టాలాయన ఈసారి రెండింతల చోటు తీసుకున్నాడట. మీ చోటు ఖాళీగా ఉంటే అదీ తనకే ఇమ్మన్నాడట."

ఎదుటి స్టాలాయనా ఇవే మిషన్లు చేస్తాడు. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరివీ ఎదురెదురు స్టాళ్లు. ఒకరి జనాన్ని ఒకరు లెక్కపెట్టుకోవడమే ఇద్దరికీ పని.

తమ్ముడు స్పానర్ కింద పెట్టాడు. "మా చోటా?"

"విన్నమాట చెప్పాను. ఆపైన నీ ఇష్టం."

సాయంత్రానికి కబురొచ్చింది. కొలతలు పాతవే, మరదలికి మాత్రం తెలియకూడదు.

మిషన్ ట్రయల్‌కి వెళుతోంది, నేనూ వెంట వెళ్లి నాలుగు రోజుల్లో వస్తానని ఇంట్లో చెప్పాడు. మరదలు సరేనంది. నాలుగు జతల బట్టలు ఇస్త్రీ చేసి సర్దింది. సిమెంటు నేల మీద నిలబడేందుకు ఎప్పుడూ తీసుకెళ్లే మందపాటి చెప్పులు కూడా సంచిలో పెట్టింది.

"ఎక్కడికి, ఎవరికి అని ఒక్క ప్రశ్న వేసినా బాగుండేదక్కా," అన్నాడు ఎగ్జిబిషన్ హాల్లో నేను తెర కడుతుంటే. "నమ్మి పంపింది."

నేను తెర ముడి ఇంకాస్త బిగించాను.

ఎదుటి స్టాలు ఖాళీ. బల్ల కూడా లేదు. నిర్వాహకులు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే, తిరిగి తిరిగి అలసినవాళ్లు వచ్చి కాళ్లు పిసుక్కుంటున్నారు.

"వస్తాడులే, సాయంత్రానికి," అన్నాడు తమ్ముడు మొదటిరోజు.

రెండోరోజు వాన. హాలు పైకప్పు మీద చినుకుల చప్పుడు వినగానే లేత్ పనివాడికి ఫోన్ చేశాడు. "టార్పాలిన్ కప్పావా? సరే. అమ్మగారేమైనా అడిగారా? సరే." ఆ పూట అన్నం ముట్టుకోలేదు.

మూడోరోజు ఒక బేకరీ ఆవిడ వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట ఇతని దగ్గర మిషన్ కొన్న మనిషి.

"మీ మిషన్ మా అత్తగారిలా మూలుగుతోందండీ. పని మాత్రం ఆపదు."

తమ్ముడు చొక్కా చేతులు మడిచాడు. స్టాల్లోని మిషన్ మూత విప్పి, గేర్లలో ఎక్కడ గ్రీజు పెట్టాలో గంటసేపు చూపించాడు. మోచేతుల దాకా పిండి. ఇంట్లో ఆ రగడ అయ్యాక అతను నవ్వగా చూడటం అదే మొదలు. ఆవిడ వెళ్లగానే ఆ నవ్వూ పోయింది.

"ఈ కాస్తకీ ఇంట్లో మాట తప్పానా అక్కా?"

చివరిరోజు తెరలు విప్పుతుంటే పక్కనే వచ్చి నిలబడ్డాడు. "వాడు రాలేదక్కా."

"ఆఖర్లో మానుకున్నాడేమో," అన్నాను దారం కొరుకుతూ.

నా మొహంలోకి చూశాడు. తెరల పని పోతుందని కల్పించావా అని అడగలేదు. అడిగినా బాగుండేది.

"నువ్వూ ఇంటికి రా. నువ్వుంటే తక్కువ తిడుతుంది," అన్నాడు.

గుమ్మంలోనే అంతా చెప్పేశాడు. మరదలు చేతులు కట్టుకుని విని, నావైపు తిరిగింది.

"వదినగారూ, ఎక్కడో విన్న మాటలు మోసుకొచ్చి ఈయన చెవిలో ఊదడం మీకు తగునా?"

తల దించుకున్నాను.

"అక్కనేం అనకు. తప్పు నాది," అన్నాడు తమ్ముడు.

"రేకుల సంగతి వచ్చే ఏడు చూద్దాం. కాళ్లు కడుక్కుని రండి, వడ్డిస్తాను."

ఆ పూట అతను కంచంలోంచి తలెత్తలేదు. రేకులు మార్చి ఇన్నేళ్లయినా, చినుకు పడితే చాలు, ఇప్పటికీ పెళ్లాం మొహం చూడలేడు.

ఇది గుర్తుపెట్టుకుని మీరూ పదిమందికి చెప్పండి, మా తమ్ముడి చెవిన మాత్రం పడనీయకండి: "ఈయన్ని ఇలా చూడలేను, వెళ్లమని చెబితే పంతానికి వెళ్లరు, మీరే ఏదో ఒక అబద్ధం చెప్పి పంపండి వదినగారూ" అని టేపు తెచ్చి నా మెడలో వేసింది మా మరదలే.