లోపాల పుస్తకం

వెనక పెన్ను గీసిన చప్పుడైంది.

సీసా మూతతో మూడోసారి కుస్తీ పడుతున్న ఆమె గిరుక్కున తిరిగింది. భర్త పేపరు చదువుకుంటున్నాడు. తలకిందులుగా కాదు గానీ, నిన్నటిది.

"ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు."

అతనిది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. మాటలు తక్కువ. ఆమెకు ఆరేళ్ళుగా ఒళ్ళంతా సూదులు గుచ్చినట్టుంటుంది. పరీక్షలన్నీ మాత్రం నిక్షేపంగా వచ్చాయి. చివరికి ఒక డాక్టరు ఫైబ్రోమయాల్జియా అన్నాడు. ఆడపడుచుకి ఆ పేరు ఏనాడూ సగం దాటి నోరు తిరగలేదు.

"తింటోంది, తిరుగుతోంది. ఇంకేం జబ్బన్నయ్యా?" అంది ఆదివారం వచ్చి. "నీ లిఫ్టయితే ఏం చేస్తావ్?"

"ఎప్పుడు, ఎక్కడ మొరాయించిందో రోజూ రాస్తాం. రాతలో లేకపోతే పైవాళ్ళు నమ్మరు."

"నమ్మితే?"

"ఒక్కోసారి పాతది తీసేసి కొత్తది పెడతారు."

ఆడపడుచు పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. వంటింట్లో ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

మర్నాడు అల్మారాలో, అతని చొక్కాల కింద నోటుబుక్కు దొరికింది. అట్ట మీద నల్లటి గ్రీజు వేలిముద్రలు. లోపల అతని గుండ్రటి రాత.

'6.20. మంచం దిగడానికి నాలుగు నిమిషాలు. 8.05. సీసా మూత రాలేదు. ఏం లేదంది. అబద్ధం.'

పేజీల కొద్దీ అదే. విడాకులిప్పించడానికి వకీలుకి ఇంతకన్నా ఏం కావాలి? ఇల్లు పోతుంది, మనిషి పోతాడు, మంగళవారాలూ పోతాయి.

మంగళవారాలంటే కైరోప్రాక్టర్, వెన్నూ కీళ్ళూ చేత్తోనే సర్ది నొప్పి తగ్గించే ఆయన. రెండు నెలల క్రితం తలుపు కింద నుంచి ఎవరో తోసిన కరపత్రం చూసి వెళ్ళింది. బల్లకున్న రంధ్రంలో ముఖం పెట్టి బోర్లా పడుకుంటే ఆయన బూట్లు తప్ప ఇంకేం కనబడవు. ఆయన వేళ్ళు మాత్రం, ఎవరో దారి చెప్పినట్టు, సరిగ్గా నొప్పి దగ్గరికే వెళ్తాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులు తన జడ తనే వేసుకోగలుగుతుంది.

ఈ మంగళవారం చొక్కాల కింద నోటుబుక్కు లేదు. చేరాల్సిన చోటికి చేరిపోయిందన్నమాట.

"ఎక్కడికి?" అన్నాడు భర్త, గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"మెడకి."

"ఊ." గడియారం చూసి పక్కకు తప్పుకున్నాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి తాళం మారి ఉంటుందేమో అనుకుంటూనే ఆమె క్లినిక్ మెట్లెక్కింది.

"ఇవాళ ఎడమ భుజంతో మొదలుపెడదామమ్మా. నిన్న పొద్దుటి నుంచీ పైకి లేవట్లేదు కదా?" అన్నాడు కైరోప్రాక్టర్.

ఆమె ఇంకా నోరు తెరవలేదు.

"మీకెలా తెలుసండీ?"

ఆయన చిన్నగా నవ్వి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

ఆయన టేబుల్ మీద, ఆమె ఫైలు పక్కనే, నల్లటి వేలిముద్రల నోటుబుక్కు నిన్నటి పేజీ దగ్గర తెరిచి ఉంది.