తాత మూసిన గని

దురాంగో కొండల్లో తాత దాచిపోయిన వెండి గని మచిన్‌కు చీకటి పడ్డాక దొరికింది. నలభై ఏళ్ల కిందట, వెండిలో వాటా గుంజే స్పానిష్ రాజుగారి అధికారుల కంట పడకుండా తాత దాని ముఖద్వారాన్ని రాళ్లతో మూయించాడు. పనివాళ్లందరూ బయటికి వచ్చాకే మూయించానని చనిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు.

మచిన్ గడ్డపారతో ఒక రాయి పెకలించాడు. లోపలి నుంచి చల్లగాలితో పాటు ఠక్, ఠక్ మంటూ గునపం చప్పుడు వచ్చింది.

"లోపల ఎవరో ఉన్నారు దొరా!" అన్నాడు కంచరగాడిదలు తోలే నబోర్.

"ఎవరది?" అని మచిన్ స్పానిష్‌లో అరిచాడు. చప్పుడు ఆగిపోయింది. ఒక గొంతు బాస్క్‌లో, మచిన్ ఇంటి భాషలో, పలికింది.

"వచ్చావా పెద్దయ్యా? ముగ్గురం ఉన్నాం. నీ మీద కోపం లేదులే, గోడ తియ్యి."

తనను తాత అనుకుంటున్నారని మచిన్‌కు అర్థమైంది.

నబోర్‌కు బాస్క్ రాదు. "ఏమంటున్నాడు దొరా? ఇంకో నాలుగు రాళ్లు తీస్తే మనిషి దూరొచ్చు. తియ్యనా?"

"మనిషీ లేడు, ఏమీ లేదు. గాలిరా అది," అన్నాడు మచిన్. తీసిన రాయిని రెండు చేతులా ఎత్తి మళ్లీ ఆ కంతలో పెట్టాడు.

లోపలి నుంచి ఎవరో దాన్ని మెల్లగా బయటికి నెట్టారు.